కామాల మట్టి

మా జెలీ అత్తయ్య తన జన్మలో సముద్రం చూడలేదు. మా ఊరి నుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణం, అంతే. వెళ్ళాలనుకుంటే ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కానీ ఎవరైనా ఆ మాటెత్తితే, "అదే ఇక్కడికొస్తుంటే నేనెందుకు పోవడం?" అనేది.

నిజంగానే వచ్చేది. ఆకులు పండే కాలంలో తెల్లవారేసరికి సెరాన్ నది మీద పొగమంచు లేచి లోయంతా నిండిపోయేది. ఫ్లెరిన్యీ ఊరూ, చర్చి గంట గోపురమూ, మా ఇంటి కప్పూ, మా మామగారి ద్రాక్షతోటలో కింది వరసలూ అన్నీ మునిగిపోయేవి. కొండల నెత్తులు మాత్రం దీవుల్లా పైకి తేలేవి. అత్తయ్య తోట అలాంటి ఒక కొండ నెత్తిన ఉండేది కాబట్టి మేమిద్దరం పని మొదలుపెట్టే ముందు కాసేపు ఒడ్డున కూర్చునేవాళ్ళం. కింద ఎవరి కుక్కో మొరిగితే ఆ మొరుగు నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుండేది. "చూడమ్మాయ్, మళ్ళీ వచ్చింది," అనేది అత్తయ్య, పొరుగింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడితే చెప్పినట్టు.

ఆవిడ నాకు సొంత అత్తగారు కాదు. మా మామగారు ఆంతెల్మ్ వెర్దెలేకి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. నది అవతలి ఊరివాడొకడు అడిగాడట, మంచివాడేనట, కానీ వాళ్ళింటి కిటికీలోంచి మా కొండ కనబడదని వద్దందట. ఇది ఆవిడే చెప్పింది, నవ్వకుండా.

నేను బోస్ మైదానంలో గోధుమ పండించే ఇంట్లో పుట్టాను. అక్కడ నేల రొట్టెపిండిలా మెత్తగా, లోతుగా ఉంటుంది. రాయి కనబడితే మా నాన్న తిట్టుకుంటూ గట్టు అవతలికి విసిరేసేవాడు. పంతొమ్మిది వందల అరవైలో గ్రాతియన్‌ని చేసుకుని ఈ షాబ్లీ కొండలకి కోడలిగా వచ్చాక, మొదటి వారంలోనే మా మామగారు తోటలోంచి ఒక రాయి తీసి నా చేతికిచ్చాడు.

"నాకి చూడు," అన్నాడు.

"ఏం మామయ్యా, ఇంట్లో భోజనం చెయ్యలేదా ఇవాళ?" అన్నాను.

ఆయన ముఖం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు. పక్కనే తీగలు కడుతున్న ఒక పొట్టి మనిషి మాత్రం పడీపడీ నవ్వింది. ఆవిడే జెలీ అత్తయ్య. నవ్వడం అయ్యాక తనూ ఒక రాయి తీసి పావడాకి తుడిచి నాకి, నా చేతికిచ్చింది. ఆవిడ ఇచ్చిందని నాకాను. చల్లగా, కాస్త ఉప్పగా, సున్నం వేసిన గోడ మీద తొలి చినుకు పడ్డప్పటి వాసన నాలుక మీదికి వచ్చినట్టుంది. ఆ రాత్రి భోజనంలో గ్లాసులో పోసిన వైన్‌లో మళ్ళీ అదే తగిలింది. నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, అన్నీ పోయాక చిట్టచివర ఆ తడిసిన రాయి. అది ఎంతసేపున్నా నోట్లోంచి పోదు. అప్పటి నుంచి రాళ్ళ విషయంలో నేను వేళాకోళం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

మా మట్టిలో బుల్లి ఆల్చిప్పలుంటాయి. గోరంత ఉంటాయి, ఒక పక్కకి వంకర తిరిగి, పుస్తకంలో కామా పెట్టినట్టు. అందుకే వాటిని ఊళ్ళో అందరూ కామాలనే అంటారు. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ వెచ్చటి సముద్రం ఉండేదని, ఇవి అందులో బతికినవని బడిపిల్లలు కూడా చెబుతారు. వాళ్ళకి అది పాఠం. అత్తయ్యకి నిన్నటి సంగతి. కత్తిరింపుల పనిలో నడుం నొప్పి పుట్టినప్పుడు ఒక కామాని తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండేది.

"కామా అంటే ఏమిటమ్మాయ్? మాట ఇంకా అయిపోలేదనేగా," అంది ఒకసారి. "ఆ సముద్రం ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. మిగతాది ద్రాక్ష చెబుతుంది."

నాకు కోపమొచ్చేది ఇలాంటి మాటలకి. పని మిగిలిపోయి ఉండేది, వేళ్ళు చలికి కొంకర్లు పోయి ఉండేవి, ఈవిడేమో సముద్రంతో కబుర్లాడేది. కానీ సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాక ఆ మాటలే గుర్తొచ్చేవి. గ్రాతియన్‌తో చెబితే, "మా అత్త తన పిచ్చి ఎక్కించిందన్నమాట నీకు కూడా," అనేవాడు.

ఇప్పుడు ఆ తోట ఆవిడకెలా వచ్చిందో చెప్పాలి. యుద్ధానికి ముందు వాళ్ళ నాన్న పోతే ఆస్తి రెండు వాటాలు చేశారు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ నాన్న టోపీలోనే చీటీలు వేసి తీసుకున్నారు. ఈ వైపు అలాగే చేస్తారు, కొట్లాటలుండవని. ఒక వాటా కొండవాలు మీది ద్రాక్షతోట, నేలమాళిగ, పీపాలు. రెండోది నది పక్క గడ్డిభూమి, రెండు ఆవులు, కొండ నెత్తిన ముళ్ళపొదలతో నిండిన రాళ్ళ బీడు. ఆ రోజుల్లో వైన్ అడిగేవాడు లేడు. వరసగా గడ్డమంచు కొట్టి తోటలు మాడిపోయేవి. ఆవులున్న వాటాయే మంచిదని ఊరంతా అనుకున్నారు. అది అత్తయ్యకి వచ్చింది. "అదృష్టమంటే చిన్నదానిదే," అన్నారు.

చిన్నది అన్నది ఆవిడ ఇంటి పేరులాంటిదైపోయింది. రెండో బిడ్డ, పైగా పొట్టి. యాభై దాటాక కూడా రొట్టెల కొట్టులో, "చిన్నదానికి ఒకటివ్వండి," అనే అనేవాళ్ళు. ఆవిడ పలికేది. ఇష్టపడి పలికేది మాత్రం కాదు. అది నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

యుద్ధం అయిపోయాక ఆవిడ అందరికీ మతిపోయే పని చేసింది. ఆవులూ గడ్డిభూమీ అమ్మేసి, కొండ నెత్తిన ముళ్ళపొదలు కొట్టించి, నలభై ఎనిమిదిలో ద్రాక్ష నాటింది. పైన మట్టి బెత్తెడు కూడా లేదు. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచేవట. మా మామగారు మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదట, నాలుగో రోజు తిట్టడం మొదలుపెట్టాడట. ఆ తిట్లు మళ్ళీ ఆగలేదు. నేను కాపురానికి వచ్చేసరికి పన్నెండేళ్ళ తిట్లు నిలవ ఉన్నాయి.

అసలు గొడవ మట్టి దగ్గర. కొండవాలు తోటలకి ఒక తిప్పలుంటుంది. గట్టి వాన పడితే మట్టి కిందికి జారిపోతుంది. చలికాలంలో ఎవరికి వాళ్ళు తమ వరసల చివరి కందకంలో పేరుకున్న మట్టిని గంపలకెత్తి, వీపున వేసుకుని, మళ్ళీ పైకి మోసుకెళ్ళి పోసుకుంటారు. ఇప్పుడు యంత్రాలొచ్చాయి, అప్పుడు వీపులే. ఎవరి కందకంలో పడ్డది వాళ్ళదని ఊరి కట్టు. కానీ అత్తయ్య తోటకి కింద కందకం లేదు. ఆవిడ తోట అయిపోయిన చోట మామగారి తోట మొదలవుతుంది, కందకం దాని చివరన ఉంటుంది. అత్తయ్య ఏటా ఆకు రాలగానే గంప వీపున వేసుకుని ఆ కందకంలోకి దిగేది.

"దిగావూ? దొంగముఖమా, అది నా కందకం," అనేవాడు మామగారు గట్టు మీద నిలబడి.

"కందకం నీదే అన్నయ్యా. మట్టి నాది. పైనుంచి జారింది."

"ఏ రేణువు మీద జెలీ అని రాసుందో చూపించు."

"ఆంతెల్మ్ అని ఎక్కడుందో నువ్వు చూపించు ముందు."

ఇలా నడిచేది. ఆయన అరుస్తూనే ఉండేవాడు, ఆవిడ నింపుకుంటూనే ఉండేది. గంప నిండాక వంగి, ముందుకి ఒరిగి, ఆ ఏటవాలు మీద అడుగులో అడుగేసుకుంటూ ఎక్కేది. కింద నుంచి చూస్తే మనిషి కనబడేది కాదు, గంప ఒక్కటే తనంతట తాను కొండెక్కుతున్నట్టుండేది. పైకెళ్ళి ఒక్కొక్క మొక్క మొదట్లో పోసి, పిల్లలకి దుప్పటి కప్పినట్టు చేతులతో సర్దేది. మళ్ళీ దిగేది. పూటకి పది గంపలు. చలికాలమంతా. నేను సాయం చేస్తానంటే ఒక్కోసారి ఒప్పుకునేది, కానీ మర్నాడు నా దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసి పెట్టేది. ఊరికే ఏదీ పుచ్చుకోని మనిషి. ఆవిడ పండ్లు మా గానుగలోనే పిండేవాళ్ళం, అందుకు బదులు మా ఇంటి మగవాళ్ళ చొక్కాలన్నీ ఆవిడే ఉతికి గంజి పెట్టేది. ఎవరైనా గుడ్లిస్తే ఆ సాయంత్రానికి వాళ్ళ గుమ్మంలో జామ్ సీసా ఉండేది. బాకీ ఉండడమంటే ఆవిడకి ఒళ్ళు మంట.

మోస్తున్నప్పుడు ఏం ఆలోచిస్తావని ఒకసారి అడిగాను.

"ఏం ఆలోచిస్తాను, సముద్రాన్ని ఇంటికి తీసుకెళ్తున్నాననుకుంటాను. బరువుగా ఉంటుంది మరి," అంది.

మట్టి పెరిగేకొద్దీ తోట మాట విన్నది. ఆకు నిగనిగలాడింది. మామగారు ఆవిడ రసాన్ని ఒక చిన్న పీపాలో వేరుగా, మాళిగలో ఒక మూలన పెట్టేవాడు. వసంతం వస్తుండగా మేమంతా కొవ్వొత్తి పట్టుకుని దిగి రుచి చూసేవాళ్ళం. మామగారు నోట్లో పోసుకుని, పుక్కిలించి, నేల మీద ఉమ్మి, కాసేపు పీపా వైపు చూసేవాడు.

"రాయి నాకినట్టుంది," అనేవాడు.

మా ఇంట్లో దానికి మించిన మెచ్చుకోలు లేదు. అత్తయ్య ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగేది, ఆ మాట పోగొట్టుకుంటానేమోనన్నట్టు. నాకైతే ఆవిడ వైన్‌లో మామగారి దానికంటే ఏదో ఎక్కువ పలచగా, దూరంగా ఉండేది. కళ్ళు మూసుకుంటే పొగమంచులో నిలబడినట్టే ఉండేది. ఈ మాట బయటికంటే నన్ను కూడా ఆవిడలాంటి పిచ్చివాళ్ళ జాబితాలో వేస్తారని ఊరుకునేదాన్ని.

అయితే సీసా మీద కాగితం అంటించే దగ్గర తేడా వచ్చేది. వాలు మీద, కామాల మట్టిలో పండినదానికి షాబ్లీ అని పేరు. కొండ నెత్తిన, గట్టి రాతి మీద పండినదానికి పెటీ షాబ్లీ అని పేరు. పెటీ అంటే చిన్నది. ఆ గీత ఎక్కడ గీయాలో ప్రభుత్వం వాళ్ళు గీస్తారు. అది సరిగ్గా మా మామగారి పై వరసకీ అత్తయ్య కింది వరసకీ మధ్యనుంచి పోయింది.

"చిన్నదాని తోటలో చిన్నదే పండుతుంది, అందులో వింతేముంది?" అని మామగారు ప్రతి కోతల విందులోనూ అనేవాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. అత్తయ్యా నవ్వేది. ఏటా అదే మాట, ఏటా అదే నవ్వు. నాకు ఆ మాట వినగానే చేతిలో చెంచా విసిరేయాలనిపించేది.

డెబ్భై మూడు చివర్లో కబురొచ్చింది, గీతలు మళ్ళీ గీస్తున్నారని. ఎవరికైనా తమ తోట తప్పు వైపు పడిందనిపిస్తే అర్జీ పెట్టుకోవచ్చు, మట్టి చూసి తేలుస్తారు. ఆ సాయంత్రమే అత్తయ్య మా వంటింటికి వచ్చి, తలుపు మూసి, కాగితం నా ముందు పెట్టింది.

"నీ రాత బావుంటుంది, రాసిపెట్టు."

"మామయ్యకి చెప్పావా?"

"వాడికెందుకు చెప్పడం? నా తోట." కాగితం నా వైపుకి ఇంకాస్త జరిపింది. "అమ్మాయ్, నన్ను చిన్నదన్నారు, పడ్డాను. పొట్టిదాన్నే, కాదనను. నా తోటనెందుకు అనడం? అదేం చేసింది? దానికి నిండు పేరు వచ్చాక నేను పోయినా ఫర్వాలేదు. ఈ ఒక్కటీ కావాలి నాకు."

ఆవిడ నోటి నుంచి కావాలి అన్న మాట నేను అదే మొదటిసారి వినడం. ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసిపెట్టాను. నేను మొక్కులు మొక్కే మనిషిని కాను, అయినా ఆ ఆదివారం చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించాను.

ఆ చలికాలం ఆవిడ పన్నెండేసి గంపలు మోసింది. అరవై రెండేళ్ళ మనిషి. ఏప్రిల్‌లో, మొగ్గలు ఇంకా ఎలుకచెవులంత ఉన్నప్పుడు, మట్టి చూసి తేల్చడానికి మస్యూ పెలిసియే అనే ఆయన వచ్చాడు. బూట్లు, సుత్తి, భూతద్దం, పొడుగాటి తిప్పుడు గునపం. వయసు నలభై లోపే, మర్యాదస్తుడు. అత్తయ్య చర్చికి వేసుకెళ్ళే నల్ల గౌను వేసుకుని, ఉన్ని శాలువా కప్పుకుని, జున్ను వేసి కాల్చిన గుజేర్లు ఒక బుట్టలో పెట్టుకుని కొండెక్కింది. నేనూ వెంట వెళ్ళాను. మేం చేరేసరికి మామగారు అప్పటికే అక్కడ గట్టు మీద పైపు కాలుస్తూ నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. ఊళ్ళో ఏ సంగతి దాగుతుంది?

"చెడగొట్టడానికొచ్చావా?" అంది అత్తయ్య మెల్లగా.

"నా తోట నేను చూసుకోకూడదా?" అన్నాడాయన.

ఆ రోజు గాలి లేదు. మబ్బు పలచగా ఉండి ఎండ పాలలోంచి వస్తున్నట్టుంది. పెలిసియే మోకాళ్ళ మీద కూర్చుని మొక్కల మొదట్లో మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపాడు. అరచేతిలో కామాలు మిగిలాయి. మూడు, నాలుగు, పది. ఇంకో వరసలోకి వెళ్ళాడు, అక్కడా అంతే. ఆయన ముఖం విచ్చుకుంది.

"ఇంత ఎత్తులో ఇలా ఉంటుందనుకోలేదు మేడమ్. పటంలో తప్పు పడినట్టుంది." పుస్తకం తీశాడు. కలం మూత తీశాక ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "ఈ మట్టి మొదట్నుంచీ ఇక్కడిదేనా?"

అడిగింది అత్తయ్యని. జవాబు మామగారి దగ్గర నుంచి వచ్చింది.

"ఇక్కడిది కాక ఆకాశంలోంచి ఊడిపడిందా? మా తాతల నాటి నుంచీ ఇక్కడే ఉంది. ఎవర్నైనా అడగండి."

నేను ఆయన వంక నోరు తెరుచుకుని చూశాను. పద్నాలుగేళ్ళుగా ప్రతి చలికాలం అది తన మట్టి అని గొంతు చించుకుని అరవడం ఈ చెవులతో విన్నాను. అత్తయ్య కూడా అన్న వైపు తిరిగింది. ఆవిడ ముఖం ఎంతలా వెలిగిందంటే ఒక్క క్షణం పదహారేళ్ళ పిల్లలా కనబడింది. అక్కడే ఆగి ఉంటే అయిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ళుగా గెలవని వాదం ఇవాళ గెలిచింది. దాన్ని నోట్లో దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"విన్నారా మస్యూ? ఇన్నేళ్ళకి ఒప్పుకున్నాడు," అంది. "ఇది ఇక్కడిదే. వానకి జారి వీడి కందకంలో పడుతుంటే, ఏటేటా నేనే నా వీపు మీద మోసి తెచ్చి పోశాను. ఒక్క చలికాలం కూడా మానలేదు."

"జెలీ, నోరు మూసుకో," అన్నాడు మామగారు.

"ఎందుకు మూసుకోవాలి? ఇప్పుడేగా ఒప్పుకున్నావు."

పెలిసియే కలం కాగితం మీదే ఆగిపోయింది. కందకం ఎక్కడుందని అడిగాడు. అత్తయ్య ఉత్సాహంగా చెయ్యి చాపి చూపించింది, కింద, మామగారి తోట చివరన. ఆయన ఆ వాలంతా ఒకసారి కళ్ళతో దిగి, మళ్ళీ ఎక్కాడు. పుస్తకం మూసి గునపం అందుకున్నాడు. వరసల మధ్య మోచేతి లోతు తవ్వేసరికి గునపం ఠంగుమంది. పక్కన మరో చోట తవ్వాడు. అక్కడా అంతే. తెల్లటి గట్టి రాయి ముక్క ఒకటి కొట్టి తీసి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. నాలుకతో కూడా చూశాడు. తర్వాత దాన్ని అత్తయ్య చేతిలో పెట్టాడు.

"ఇందులో కామాలు లేవు మేడమ్. ఈ పై రాయిలో అవి ఎక్కడా ఉండవు. ఇది వాటి తర్వాత వచ్చిన సముద్రం." ఆయన గొంతు తగ్గించాడు. "మీరు మోసుకొచ్చింది మీ నేల కాదు. ఓ పిడికెడు మీది కావచ్చు. మిగతాదంతా కింది నేలది. మీ అన్నగారిది."

అత్తయ్య ఆ తెల్లరాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకి అర్థం కావడం నేను కళ్ళారా చూశాను. అలాంటిది మళ్ళీ చూడాలని లేదు. పెలిసియే రాయాల్సింది రాశాడు. రాస్తూ మూడుసార్లు క్షమించమన్నాడు. అత్తయ్య ఆయన్ని ఏమీ అనలేదు. గుజేర్లు తినకుండా పోనివ్వలేదు కూడా. ఆయన రెండు తిని, టోపీ తీసి వంగి, కొండ దిగి వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం మిగిలాం. మామగారు ఆరిపోయిన పైపు పీలుస్తున్నాడు. నేను గుజేర్ల బుట్ట మీద గుడ్డ కప్పుతున్నాను.

"నీకు తెలుసా?" అంది అత్తయ్య.

ఆయన పైపు బోర్లించి గట్టుకి తట్టాడు.

"పై రాతిలో కామాలుండవని నీకు తెలుసా అన్నయ్యా?"

"నాన్న చెప్పాడు. చిన్నప్పుడే."

"అయితే ఎప్పట్నుంచి తెలుసు, నేను నీ మట్టి మోస్తున్నానని?"

"మొదటి గంప నుంచి."

కింద ఊళ్ళో ఎవరో బండి తోలుకుపోతున్న చప్పుడు వచ్చి పోయింది. అత్తయ్య గట్టు మీద కూర్చుంది. ఆవిడ కాళ్ళు నేలకి అందలేదు.

"ఏటా గొంతు పోయేలా తిట్టేవాడివి," అంది చివరికి. "నిజం ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేదిగా."

"చెబితే మోసేదానివా?" అన్నాడు మామగారు. "అన్న ఇచ్చాడంటే ఒక్క గంప ముట్టేదానివా నువ్వు? నీ మొక్కలు ఎండిపోయేవి."

ఆయన గొంతు అలా ఉండడం నేనెప్పుడూ వినలేదు. ఆ మాటని ఇరవై ఆరేళ్ళూ ఎక్కడ పెట్టుకు తిరిగాడో. ప్రతి చలికాలం కొండ కింద నుంచి వినిపించిన ఆ కేకలన్నీ నా చెవుల్లో ఒక్కసారి మళ్ళీ మోగాయి, ఈసారి వేరేగా. ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోవాలో తెలియక నా మీదికే తిరిగింది. అత్తయ్య చేతిలోని తెల్లరాయిని గట్టు మీద పెట్టింది. గట్టు దిగి, శాలువా సర్దుకుని, ఒక్కర్తే ఇంటికి వెళ్ళిపోయింది.

తోట పేరు పెటీ షాబ్లీగానే ఉండిపోయింది. ఆ ఏడు కోతల విందులో మామగారు తన పాత హాస్యం ఆడలేదు. బల్ల దగ్గర అందరూ ఆ మాట కోసం కాసేపు ఆగి, తర్వాత పులుసు గిన్నె అందించుకున్నారు.

ఆకు రాలింది. పైన మట్టి వానలకి జారి, తెల్లరాళ్ళు అక్కడక్కడా బయటపడ్డాయి. అత్తయ్య గంప తియ్యలేదు. ఒక వారం పోయింది, రెండు పోయాయి. ఆవిడ చొక్కాలు ఉతికేది, గంజి పెట్టేది, ఎప్పటికంటే ఎక్కువే ఇస్త్రీ చేసేది, ఇరవై ఆరేళ్ళ మట్టికి ఎన్ని చొక్కాలవుతాయో లెక్క తేలనట్టు. మామగారు రోజూ పొద్దున్నే కందకం దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఎవరినీ తిట్టలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నాకు భయం వేసింది. గ్రాతియన్ కూడా, "నాన్నకి ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.

డిసెంబరులో ఒక పొద్దున మేం సూప్ తాగుతుండగా అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వీపున గంప ఉంది. లోపలికి రాలేదు. రెండు చేతులతో గంప పట్టీలు బిగించి పట్టుకుని నిలబడింది.

"అన్నయ్యా," అంది. ఆ తర్వాతి మాట ఆవిడకి మోసిన గంపలన్నిటికంటే బరువైందని చూస్తేనే తెలుస్తోంది. "నాకు కొంచెం మట్టి ఇస్తావా?"

మామగారు చెంచా గిన్నెలో పెట్టాడు.

"ఇవ్వను," అన్నాడు. "అడుక్కునేవాళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర మట్టి లేదు. దొంగతనం చెయ్యదలుచుకుంటే పోయి చేసుకో, ఎవడాపాడు నిన్ను?"

అత్తయ్య గంపని వీపు మీదికి ఎగదోసుకుంది. తర్వాత గడప మీద నుంచి గిర్రున తిరిగి కొండ వైపు నడిచింది. ఆయన టోపీ కోసం తడుముకుని, దొరక్కపోతే లేకుండానే ఆవిడ వెనకాల పరుగులాంటి నడకతో వెళ్ళాడు. నేను కిటికీ తెరిచాను. కాసేపటికి కందకం దగ్గర నుంచి కేకలు మొదలయ్యాయి, దొంగముఖమా, సిగ్గులేనిదానా, ఎవరి సొమ్మనుకున్నావని. మధ్యాహ్నం దాకా ఆగలేదు. భోజనానికి పిలుద్దామని వెళ్ళి చూస్తే, అత్తయ్య గంప తగిలించుకుని వంగి నిలబడి ఉంది. ఆయన తిడుతూనే ఉన్నాడు, పార కూడా ఆయన చేతిలోనే ఉంది.